నల్లమల గురించి మీరడిగారు: కనిపించలేదంటే లేనట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నల్లమల మీదే ఉన్నాయి. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీ అంతా అమ్రాబాద్ కొండలకే ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను, ఉండేది అచ్చంపేటలో. సర్వే బృందాలతో కలిసి ఈ అడవిలో తిరుగుతూనే ఉన్నాను.

మేడం, శ్రీశైలం రూట్లో ఏళ్ల తరబడి బస్సు నడుపుతున్నా. ఒక్కసారి కూడా పులి కనపడలేదు. పేపర్లో మాత్రం నాలుగేళ్లకోసారి ఇన్ని పులులు అని వేస్తారు. కనిపించని వాటిని ఎట్లా లెక్కపెడతారు? ఆ అంకెలు నమ్మొచ్చా?
*– బస్సు డ్రైవర్, దేవరకొండ*

నమ్మొచ్చా అని అడిగారు చూడండి, అందరూ అడగాల్సింది అదే. ఏ అంకె విన్నా అది ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలి.

పాతరోజుల్లో పులుల లెక్క అంటే అడుగుల లెక్క. పాదముద్ర మీద గాజు పలక పెట్టి, దాని అంచు గీసుకుని, ఇది ఫలానా పులిది అని సిబ్బంది తేల్చేవారు. కానీ ఒకే పులి అడుగు ఇసుకలో ఒక తీరుగా పడుతుంది, బురదలో ఇంకో తీరుగా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉంటూనే ఉన్నాయి. 2005లో చూస్తే అడవిలో ఒక్కటీ మిగల్లేదు. ఆ దెబ్బకు పద్ధతే మార్చారు. 2006 నుంచి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ కలిసి నాలుగేళ్లకోసారి దేశమంతా కొత్త పద్ధతిలో లెక్క తీస్తున్నాయి.

దానికి ఆధారం కెమెరా. అడవిని గళ్లుగా విడగొట్టి, జంతువులు నడిచే బాటకు అటొకటి ఇటొకటి చొప్పున మోకాలి ఎత్తులో చెట్లకు కడతారు. రెండు ఎందుకంటే పులి ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు ఒకేలా ఉండవు. ఏ రెండు పులుల చారలూ కలవవు. ఒళ్లు వేడిగా ఉన్నదేదైనా ముందు నుంచి కదిలితే కెమెరా ఫొటో తీసేస్తుంది. అందుకే కట్టే ముందు ఎదురుగా ఉన్న గడ్డి కోసేస్తారు. లేకపోతే ఎండాకాలం వడగాలికి గడ్డి ఊగినా పులి వచ్చిందనుకుని తీస్తూనే ఉంటుంది. కార్డు నిండా గడ్డి ఫొటోలే! కెమెరా డబ్బా తెరిస్తే లోపల చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టి ఉండటం నేను కళ్లారా చూశాను. ఎండలో కొండెక్కి, బ్యాటరీలు మార్చి, చీమలు దులిపి మళ్లీ కట్టి దిగే వాళ్ల కష్టం పేపర్లో అంకె చదివే మనకు తెలియదు. 2018 లెక్కలో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షలకు పైగా ఫొటోలు వస్తే, వాటిలో పులులవి 76,651.

ఇక మీరడిగిన అసలు సంగతి, కెమెరాకు కూడా కనిపించని పులుల లెక్క. ఉదాహరణకు మొదటి విడతలో 10 పులులు పడ్డాయనుకోండి. రెండో విడతలోనూ 10 పడ్డాయి, వాటిలో 5 ముందు చూసినవే. అంటే మన కెమెరాలు అడవిలో ఉన్నవాటిలో సగాన్నే పట్టుకుంటున్నాయి. కాబట్టి మొత్తం సుమారు 20 ఉండాలి. ఇప్పుడు వాడే గణితం ఇంతకంటే చాలా పెద్దది, ఏ పులి ఏ చోట పడిందో కూడా అందులోకి వస్తుంది. మూలం మాత్రం ఇదే. మళ్లీ పడినవి ఎన్ని, కొత్తవి ఎన్ని అన్నదాన్ని బట్టి పడనివి ఎన్నో అంచనా కడతారు. అందుకే 2022 లెక్కలో దేశానికి ఒకే అంకె ఇవ్వలేదు. కనీసం 3,167 అని ముందు చెప్పారు. తర్వాత సగటున 3,682 అని, 3,925 దాకా ఉండొచ్చని చెప్పారు. చాలామంది దీన్ని చూసి ‘వీళ్లకే సరిగా తెలియదు’ అన్నారు. నాకు మాత్రం ఇట్లా హద్దులు చెప్పిన లెక్క మీదే నమ్మకం.

మీకు ఎందుకు కనపడలేదంటే, అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. దుప్పులు, కణుజులు పల్చగా ఉన్నచోట ఒక్కో పులి తిండి కోసం చాలా దూరం తిరగాలి. మీరు వెళ్లేది పగలు, హారన్లు మోగే రోడ్డు మీద. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేసేదే వాటికోసం. మీ బస్సు మన్ననూరు గేటు దాటాక అవి రోడ్డు దాటుతాయి.

నల్లమలలో నీలం రంగు సాలీడు ఉందట, వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నిజమేనా, ఎడిటింగా?
*– పాఠకుడు, కల్వకుర్తి*

నిజమే. మెరిసే నీలం కాళ్లు, వాటి మీద పసుపు మచ్చలు. శాస్త్రీయ నామం పొయెసిలోథీరియా మెటాలికా. దీని కథ గుత్తిలో మొదలైంది. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను చూసి 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లు దాని జాడ లేదు. ఇంక లేదనే చాలామంది అనుకున్నారు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. గుత్తికి అది కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని ఇప్పుడు భావిస్తున్నారు. వందేళ్లు కనిపించకపోవడానికి కారణం ఉంది. పెద్ద వయసు చెట్ల తొర్రల్లో, ఎత్తున ఉంటుంది. రాత్రిపూటే బయటికొస్తుంది. తొర్ర ఉన్న చెట్టు కొడితే దాని ఇల్లు పోయినట్టే.

ఆ నీలం ఏదో రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల లోపలి అతి సన్నని నిర్మాణం నీలం కాంతిని మాత్రం తిప్పి కొడుతుంది, నెమలి ఈక లాగానే. ఆ అందమే దానికి ముప్పు తెచ్చింది. విదేశాల్లో పెంచుకోవడానికి కొనేవాళ్లు ఉన్నారు. 2019 నుంచి ఇదీ, దీని దగ్గరి పొయెసిలోథీరియా జాతులన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్నాయి. అడవిలో మీకు ఎప్పుడైనా కనిపిస్తే ఫొటో తీయండి, ఫారెస్టు వాళ్లకు చెప్పండి. చోటు పేరుతో గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, దయచేసి.

మాది మన్ననూరు దాటినాక ఒక పెంట (చెంచుల గూడెం). కాలేజీల నుంచి, ఎన్జీవోల నుంచి వస్తారు. ఏ చెట్టు దేనికి పనికొస్తది, ఏ జంతువు ఎక్కడ నీళ్లు తాగుతది అని మా నాయనను అడిగి రాసుకుంటారు. అడవంతా తిప్పమంటారు. పోయినోళ్లు మళ్లీ రారు. ఈ పరిశోధనతో మాకేం ఒరుగుతది?
*– చెంచు యువకుడు, అమ్రాబాద్ మండలం*

తమ్ముడూ, నీ ఉత్తరం చదివాక చాలాసేపు నా కోపం తగ్గలేదు. నీ మీద కాదు.

ముందు మీ నాయన దగ్గరున్నది ఎంతటిదో చెబుతాను. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త నిజాం రాజ్యంలోని ఈ కొండల మీదికొచ్చి చెంచుల మధ్య ఉన్నాడు. ఆయన రాసుకున్నది పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తున్నారు. ఎందుకంటే అప్పుడు ఏ పెంట ఎక్కడుంది, ఏ కాలంలో ఏ గడ్డ తవ్వుకున్నారు, ఏ పండు తిన్నారు అన్నది ఇంకెక్కడా దొరకదు. మీ నాయన గుర్తు పెట్టుకున్న నీటి చెలమలు, ఇప్ప రాలిన సంవత్సరాలు, రాలని సంవత్సరాలు కూడా అట్లాంటివే. ఏ కెమెరా కట్టాలన్నా ముందు బాట చూపించేది మీవాళ్లే. ఈ మాట రిపోర్టులో ఎంతమంది రాశారు?

ఒరగడం అంటే ఎట్లా ఉంటుందో కేరళలో జరిగినది ఒకటి చెబుతాను. 1987లో తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యానం శాస్త్రవేత్తలు అగస్త్య కొండలెక్కారు. దారి చూపిస్తున్న కాణి గిరిజన యువకులు ఒక చిన్న కాయ నములుతూ అలుపు లేకుండా నడుస్తున్నారు, వెనకాల శాస్త్రవేత్తలు ఆయాసపడుతున్నారు. ఏంటది అని అడిగితే మొదట చెప్పలేదు. నమ్మకం కుదిరాక చూపించారు. అది ఆరోగ్యపచ్చ అనే మొక్క. దాన్ని పరీక్షించి, ఇంకొన్ని మూలికలు కలిపి ‘జీవని’ అనే మందు చేశారు. 1995లో తయారీ లైసెన్సు ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చినప్పుడు లైసెన్సు రుసుములో సగం, రాయల్టీలో సగం కాణి జనానికి అని రాసుకున్నారు. దానికోసం 1997లో కాణి వాళ్ల పేరుతోనే ట్రస్టు పెట్టారు. గొడవలు లేకుండా సాగిందని నేను అనను. అడవిలో ఆ మొక్కనే పీకేసుకుపోయే దొంగలు కూడా తయారయ్యారు. అయినా తెలివి ఎవరిదో వాళ్లకు వాటా ఇవ్వాలని మన దేశంలో చట్టం రాకముందే చేసి చూపించారు.

చట్టం 2002లో వచ్చింది, జీవవైవిధ్య చట్టం. దాని ప్రకారం మీ గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ చెట్లు, జంతువులు, వాటి గురించి మీకు తెలిసినది ‘ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్’లో రాయాలి. పంచాయతీ ఆఫీసుకు పోయి ఆ రిజిస్టర్ చూపించమని అడుగు. చాలా చోట్ల అది బీరువాలో ఉంటుంది, ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఈసారి ఎవరైనా రాసుకోవడానికి వస్తే అటవీశాఖ అనుమతి కాగితం చూపించమను, రిపోర్టు తెలుగులో మా పెంటకు ఇస్తారా అని అడుగు, నాయన పేరు రాస్తారా అని అడుగు. తిప్పినందుకు కూలి ముందే మాట్లాడుకో. ఇదేదీ తప్పు కాదు. మంచి పరిశోధకుడు వీటికి సంతోషంగా ఒప్పుకుంటాడు.

ఒరిగిన పరిశోధన మన కొండల్లోనూ ఉంది, తపసి బంక. లోతుగా గొడ్డలి గాటు పెడితే ఆ ఏడు బంక బాగా వస్తుంది, చెట్టు మాత్రం ఎండిపోతుంది. గాటు చిన్నగా, పైపైన పెట్టి, చెట్టుకు మధ్యలో విశ్రాంతి ఇస్తే గాయం మానుతుందని, చెట్టు ఏళ్ల తరబడి ఇస్తుందని పరీక్షించి చూశారు. ఆ పద్ధతి గిరిజనులకు నేర్పారు కూడా. మీ పెంటలో పాత పద్ధతే ఉంటే నాకు రాయి, నేర్పేవాళ్లను కలుపుతాను.

జూలో పెంచిన మూషిక జింకలను మన అడవిలో వదిలారని విన్నా. బతికాయా?
*– ఇంటర్ విద్యార్థి, మిర్యాలగూడ*

హైదరాబాద్ నెహ్రూ జూలో సీసీఎంబీ (అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ) సాయంతో పెంచి అమ్రాబాద్‌లో వదిలిన మాట నిజం. మనిషి మోకాలి ఎత్తు కూడా ఉండదు, కొమ్ములు ఉండవు, రాత్రి తిరుగుతుంది, అలికిడైతే పొదలో కదలకుండా ఉండిపోతుంది. ఇట్లాంటిదాన్ని బతికిందా లేదా అని కంటితో చూసి చెప్పడం కుదరదు. వదిలిన చోట్ల కెమెరాలు పెట్టి చూడాల్సిందే. ఒక నెల కెమెరాలో పడలేదని చచ్చిపోయినట్టు రాయకూడదు, ఒకటి పడిందని అన్నీ బాగున్నట్టూ రాయకూడదు. పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు పిల్లలు పుట్టినప్పుడే అడవి వాటిని తీసుకున్నట్టు.

ఎండాకాలం అడవికి నిప్పు పెడితే వానలకు గడ్డి బాగా వస్తుందని మా దగ్గర పెద్దవాళ్లు అంటారు. తప్పా?
*– రైతు, లింగాల*

పెద్దవాళ్లు చూసింది తప్పు కాదు. కాలిన చోట తొలకరికి గడ్డి పచ్చగా లేస్తుంది. బూడిదలో పొటాష్, సున్నం, భాస్వరం ఉంటాయి, అవి వెంటనే వేళ్లకు అందుతాయి. అయితే ఆకుల్లో, పుల్లల్లో ఉన్న నత్రజని చాలావరకు పొగతో పాటు గాలిలో కలిసిపోయింది. కొండవాలు మీద రెండు పెద్ద వానలు పడితే మిగిలిన బూడిద కూడా వాగులో కలుస్తుంది. వాగులో మొదటి నీళ్లు నల్లగా రావడం మీరు చూసే ఉంటారు. ఆ ఏటి గడ్డి కోసం నాలుగేళ్ల ఎరువు ఖర్చు పెట్టినట్టు.

పైగా గడ్డి ఒక్కటే అడవి కాదు. నిప్పు ఒకసారి దాటిన నేల మీద కూర్చుని దగ్గరగా చూడండి. జానెడు ఎత్తున ఉండాల్సిన నల్లమద్ది, యేగిస మొలకలు పుల్లలై నిలబడి ఉంటాయి, గిల్లితే విరుగుతాయి. తునికి అట్లా కాదు, దాని వేరు లోతుగా బతికే ఉంటుంది, వారాల్లో కొత్త చిగురు వేస్తుంది. బీడీ ఆకు కోసం నిప్పు పెట్టేది అందుకే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకు తగలబెట్టడం కూడా ఇంతే, చిన్న మంట అనుకుంటారు, గాలి తిరిగితే గుట్టంతా పోతుంది. ఏటేటా కాల్చిన చోట వేరు నుంచి లేచే రెండు మూడు జాతులే మిగులుతాయి. ఖాళీ అయిన చోట లాంటానా, అడవి తులసి కమ్ముకుంటాయి. వాటిని పశువు ముట్టదు, ఎండితే మళ్లీ అవే మంటకు మేత. తునికి కొమ్మలు కోస్తే కూడా చిగురు వస్తుంది, ఇప్ప కింద ఊడ్చుకుంటే సరిపోతుంది. పని ఎక్కువే, కాదనను.

మంటలను ఇప్పుడు ఉపగ్రహాలు చూస్తున్నాయి. మన పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి పెద్ద డిష్‌లు ఉన్నాయి, ఉపగ్రహాల సమాచారం నేరుగా అక్కడ దిగుతుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ అగ్ని హెచ్చరికలను ఫోన్లకు మెసేజ్‌గా పంపుతుంది. మీరు కూడా నమోదు చేసుకోవచ్చు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఉపగ్రహాల్లో ఒక రకం కంటికి 375 మీటర్ల గడి ఒక చుక్క, ఇంకో రకానికి కిలోమీటరు. అవి రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతాయి. సాయంత్రం నాలుగింటికి అంటుకుని ఎనిమిదింటికి ఆరిన మంట వాటికి దొరకకపోవచ్చు. ‘ఈసారి మా బీటులో ఒక్క మంటా లేదు’ అని ఎవరైనా ఉపగ్రహం మ్యాపు చూపిస్తే, నేల మీద నడిచి చూశారా అని అడగండి.

సాగర్ దగ్గర మాత్రమే ఉండే పాము ఉందా?
*– పాఠకురాలు, హాలియా*

నాగార్జున కొండ మీద దొరికిన నమూనాతో 1976లో ఆర్.సి. శర్మ అనే శాస్త్రవేత్త ఒక కొత్త పామును వివరించారు, ప్లాటిసెప్స్ భోలానాథి. సన్నగా, చురుగ్గా ఉంటుంది, విషం లేదు. ‘అక్కడ మాత్రమే’ అన్న మాట తర్వాత నిలబడలేదు, దక్షిణాదిలో మరికొన్ని రాతి గుట్టల్లోనూ కనిపించింది. మీ వైపు గుట్టల రాళ్ల సందుల్లో సన్నటి పాము కనపడితే కర్ర తీయకండి.

డిగ్రీ ఫైనలియర్, బోటనీ. ప్రాజెక్టు నల్లమల మీద చేయాలని ఆశ. అనుమతికి టైం పడుతుందంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయను మేడం?
*– విద్యార్థిని, నాగర్‌కర్నూల్*

టెన్షన్ వద్దు తల్లీ. అభయారణ్యం లోపల పరిశోధనకు 1972 వన్యప్రాణి చట్టం కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఒక సెమిస్టరులో అది రాకపోవచ్చు. కాలేజీ నుంచి దరఖాస్తు పెట్టించు, అది నీ జూనియర్లకు పనికొస్తుంది. నువ్వు మీ ఊరి గుట్ట తీసుకో. నల్లమల అంచు ఊళ్ల గుట్టల మీద కూడా బిల్లుడు, చిరుమాను, మోదుగ, రేల ఉంటాయి. వాటిని ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి నువ్వు రాసేది కొత్తదే అవుతుంది.

తాడుతో పది మీటర్లకు పది మీటర్ల గడులు కట్టు, ఎక్కడ కడతావో ముందే మ్యాపు మీద లాటరీ తీసి నిర్ణయించుకో. అందంగా ఉన్నచోట, చెట్లు బాగా ఉన్నచోట కట్టాలనిపిస్తుంది, అట్లా చేస్తే లెక్క పాడవుతుంది. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీయాలి. వాలులో ఉంటే పై వైపు నేల నుంచి కొలువు. దానికంటే కింద రెండుగా చీలిన చెట్టుకు రెండు కొలతలు.

ఇంకో పని, వారానికోసారి అవే చెట్ల దగ్గరికి వెళ్లి చిగురు, పూత, కాయ రాయడం. సీజన్‌వాచ్ అని 2010 నుంచి దేశమంతా విద్యార్థులు, మామూలు జనం ఇదే చేస్తున్నారు, రేల, చింత, వేప అందులో ఉన్నాయి. నీ చెట్లను కూడా అందులో చేర్చుకోవచ్చు. పూత లేని వారం గడి ఖాళీగా వదలొద్దు, ‘లేదు’ అని రాయి. ఖాళీ అంటే నువ్వు వెళ్లలేదని అర్థం, ‘లేదు’ అంటే వెళ్లి చూశావని. పదేళ్ల తర్వాత పూత ముందుకు జరిగిందా అని ఎవరైనా లెక్క చూస్తే వాళ్లకు కావాల్సింది ఆ ‘లేదు’లే.

మోదుగ మాఘం చివర మొగ్గ తొడుగుతుంది, కాబట్టి సంక్రాంతి సెలవుల్లోనే చెట్లకు నంబర్లు వేసెయ్. మేకులు కొట్టొద్దు, పెయింటు చాలు. కొలిచే టేపు గుడ్డది వద్దు, తడిస్తే సాగుతుంది. ఫైబర్‌ది కొను.